కాస్ట్‌కోలో మన వంటింటి సరుకులు: ఏవి కొనాలి, ఏవి వద్దు, తెచ్చాక ఎలా దాచాలి

#1 కొత్తకాపురం (ఫ్రిస్కో, టెక్సాస్)

నమస్కారమండీ. ఇంట్లో నలుగురం. పెద్దవాళ్ళం ఇద్దరం, బడికెళ్ళే పిల్లలు ఇద్దరు. రెండు పూటలా అన్నమే, పొద్దున ఇడ్లీ, దోసె, ఉప్మా. వారంలో రెండుసార్లు కోడి గానీ రొయ్యలు గానీ. అపార్ట్‌మెంటు కాబట్టి ఫ్రిజ్ పై అరలో ఉన్న ఫ్రీజర్ తప్ప విడిగా ఏమీ లేదు.

కాస్ట్‌కో అంటే ఏడాది రుసుము కట్టి కార్డు తీసుకున్నవాళ్ళకే పెద్ద ప్యాకెట్లలో సరుకు అమ్మే గోదాము దుకాణం కదా, మాలాంటి ఇంటికి ఆ కార్డు గిట్టుబాటవుతుందా? అయితే 65 డాలర్లదా, 130దా? మన వంటకు అక్కడ కొనదగ్గవి ఏవి, ఇండియన్ స్టోర్‌లోనే కొనాల్సినవి ఏవి? అంత పెద్ద ప్యాకెట్లు పాడవకుండా ఎలా దాచాలి? "చౌకండీ, కొనేయండి" అని కాకుండా లెక్కలతో చెబితే మేలు.

#2 వంటింటిలెక్కలు (ఎడిసన్, న్యూజెర్సీ)

ముందు కార్డు సంగతి తేల్చుకుందాం. 2024 సెప్టెంబరు 1 నుంచి గోల్డ్ స్టార్ కార్డు ఏడాదికి 65, ఎగ్జిక్యూటివ్ 130. ఎగ్జిక్యూటివ్‌లో కొన్నదాని మీద 2 శాతం వెనక్కి వస్తుంది, ఏడాదికి గరిష్ఠంగా 1,250 డాలర్లు. రెండు కార్డులకూ తేడా 65. ఆ 65 రెండు శాతంలో రావాలంటే ఏడాదికి 3,250 డాలర్ల సరుకు కొనాలి, అంటే నెలకు సుమారు 271. పెట్రోలూ ఫుడ్ కోర్టులో తిన్నదీ ఈ లెక్కలోకి రావు. నలుగురున్న ఇంట్లో పాలు, గుడ్లు, వెన్న, మాంసం, డైపర్లు, డిటర్జెంటు అన్నీ అక్కడే కొంటే 271 దాటడం కష్టం కాదు. వంటసరుకు సగం ఇండియన్ స్టోర్‌లో కొనే ఇంట్లో దాటకపోవచ్చు. కాబట్టి మొదట 65 కార్డే తీసుకోండి. మూడు నెలల రసీదులు కూడండి, ఆ తర్వాత పైకి మారడానికి కౌంటర్ దగ్గర ఐదు నిమిషాలు పడుతుంది. కార్డు నచ్చకపోతే రుసుము తిరిగి ఇచ్చేస్తారు కాబట్టి భయం లేదు.

అదే చిరునామాలో ఉన్న ఇంకొకరికి రెండో కార్డు ఉచితం, దానికి విడిగా డబ్బు కట్టకండి.

ఇక ధర చూసే పద్ధతి. షెల్ఫ్ మీద పెద్ద అంకెలు వదిలేసి, చీటీలో చిన్న అక్షరాల్లో ఉండే యూనిట్ ధర చూడండి. చిక్కెక్కడంటే, ఒక చీటీలో ఔన్సు లెక్క, పక్క చీటీలో పౌండు లెక్క, ఇంకోదాంట్లో వంద ముక్కల లెక్క ఉంటుంది. ఔన్సు ధరను 16తో గుణిస్తే పౌండు ధర. పౌండు ధరను 2.2తో గుణిస్తే కేజీ ధర. అన్నీ కేజీలోకి మార్చి ఫోన్‌లో ఒక పట్టిక పెట్టుకోండి: కందిపప్పు, బాస్మతి, జీడిపప్పు, బాదం, వెన్న, పాలు, గుడ్లు, చికెన్, నూనె, ఉల్లిపాయలు. ఈ పదీ చాలు. ఇండియన్ స్టోర్ ధరలు పక్క గడిలో రాసుకుంటే ఎక్కడ కొనాలో ఎవర్నీ అడగక్కర్లేదు.

ఇంకొక గడి కూడా ఉండాలి, దాన్ని చాలామంది వదిలేస్తారు: పారేసిన భాగం. మూడు పౌండ్లు కొని ఒక పౌండు కుళ్ళిపోతే మీరు కట్టిన ధర చీటీ మీదున్నది కాదు, దానికి ఒకటిన్నర రెట్లు.

#3 పెరుగన్నం (అర్వైన్, కాలిఫోర్నియా)

ఒక చేర్పు. అమెరికా కాస్ట్‌కోలో క్రెడిట్ కార్డయితే వీసా మాత్రమే తీసుకుంటారు. డెబిట్ కార్డు, నగదు నడుస్తాయి. బండి నిండా సరుకు పెట్టుకుని కౌంటర్ దగ్గర మాస్టర్‌కార్డు తీస్తే పని జరగదు.

#4 బ్రాంప్టన్‌బుజ్జి

కెనడాలో ఉన్నవాళ్ళకు ఇది తిరగబడుతుంది. ఇక్కడ మాస్టర్‌కార్డు నడుస్తుంది, వీసా క్రెడిట్ నడవదు.

#5 వరంగల్‌చపాట (షార్లెట్, నార్త్ కరోలినా)

చీటీలు చదువుడు గురించి నేనూ రెండు ముక్కలు జెప్త. ధర చివర .99 ఉంటే మామూలు ధర. .97 ఉంటే తగ్గించి అమ్ముతున్నట్టు. .00 గానీ .88 గానీ ఉంటే ఆ స్టోర్ మేనేజర్ వదిలించుకునేందుకు పెట్టిన ధర. పై మూలల నక్షత్రం గుర్తుంటే ఆ సరుకు మళ్ళ తెప్పిస్తలేరు అని. ఇవి కంపెనీ గోడకు రాసిపెట్టిన రూల్స్ కావు, కొనేటోళ్ళు ఏండ్లుగా గమనించి పట్టుకున్నవి. ఎన్నడన్న తప్పొచ్చు గానీ శానాసార్లు సరిపోతయ్.

గోధుమపిండి, బాదం అసుంటివాటికి .97 కనబడంగనే ఎగబడొద్దు. ముందుగాల డబ్బా మీద తేదీ చూడుండి. ధర తగ్గిందంటే శానాసార్లు తేదీ దగ్గరపడ్డట్టే.

ఇంకోటి, ఫోన్‌ల డెలివరీ ఆర్డర్ పెట్టేటోళ్ళు యాది పెట్టుకోండి. ఇంటికి తెచ్చిచ్చే ధరలు స్టోర్ ధరల కంటే ఎక్కువుంటయ్. గోదాములకు పోయి కొంటేనే గోదాము ధర.

#6 నెయ్యిగిన్నె (నేపర్‌విల్, ఇల్లినాయి)

మన ఇళ్ళకు కాస్ట్‌కోలో అన్నిటికంటే ముందు కొనదగ్గది ఉప్పులేని వెన్న. నాలుగు పౌండ్ల కట్ట, అంటే 1.81 కేజీలు. అమెరికా నియమం ప్రకారం వెన్నలో కనీసం 80 శాతం కొవ్వుండాలి, మిగతాది ఎక్కువగా నీరు, కొంచెం పాల పదార్థం. కాబట్టి కట్టంతా కాస్తే 1.35 నుంచి 1.4 కేజీల నెయ్యి దిగుతుంది. అంతకంటే బాగా తగ్గితే మడ్డిలో వదిలేస్తున్నారని అర్థం.

కాచే పద్ధతి. అడుగు మందంగా ఉన్న గిన్నె, కనీసం ఐదు లీటర్లది. వెన్న సగానికి మించి రాకూడదు, నురుగు లేస్తుంది. మధ్యస్థం కంటే ఒక మెట్టు తక్కువ మంట. మొదట కరిగి తెల్లటి నురుగు కడుతుంది, చిటపట శబ్దం గట్టిగా వస్తుంది. ఆ శబ్దం నీరు పోతున్న శబ్దం. కట్ట మొత్తానికి ముప్పావు గంట దాకా పట్టొచ్చు. శబ్దం సన్నగిల్లి, అడుగున మడ్డి లేత గోధుమ రంగుకు రాగానే పొయ్యి కట్టేయాలి. గిన్నె వేడికి రంగు ఇంకొంచెం ముదురుతుంది కాబట్టి ఎర్రబడేదాకా ఆగితే మాడు వాసన ఖాయం. కట్టేశాక ఒక తమలపాకు గానీ గుప్పెడు మునగాకు గానీ వేస్తే ఇక్కడి వెన్నకు లేని కమ్మదనం వస్తుంది. ఆకు తడి పూర్తిగా తుడిచి వేయండి, లేకపోతే మీదకు చిందుతుంది. గోరువెచ్చగా అయ్యాక వడకట్టి, పొడి గాజు సీసాలో పోసి, పొడి చెంచానే వాడితే నెలల తరబడి బయటే ఉంటుంది.

ఉప్పు వెన్న పొరపాటున కూడా వద్దు. ఆ ఉప్పంతా మడ్డిలోకి దిగుతుంది. మడ్డిని అన్నంలో కలుపుకునే ఇళ్ళలో అది నోట పెట్టలేనంత ఉప్పగా ఉంటుంది.

కాస్ట్‌కో పంపే తగ్గింపు ధరల పుస్తకంలో వెన్న వచ్చినప్పుడు రెండు కట్టలు కొనండి. ఫ్రీజర్‌లో ఆరు నెలలు చెక్కుచెదరదు, పైగా ఇటుకల్లా ఉంటుంది కాబట్టి తక్కువ చోటు పడుతుంది.

#7 పెరుగన్నం

పాల గురించి. గ్యాలన్ అంటే దాదాపు 3.8 లీటర్లు. కాస్ట్‌కోలో చాలాచోట్ల రెండు గ్యాలన్లు కలిపి ఇస్తారు, 7.5 లీటర్లు. రోజూ తోడుపెట్టే నలుగురి ఇంట్లో వారంలోపే అయిపోతాయి. పెరుగు బయట కొనుక్కునే ఇంట్లో మిగిలిపోతాయి.

ఆర్గానిక్ పాలు కొనేవాళ్ళు డబ్బా మీద "అల్ట్రా పాశ్చరైజ్డ్" అని ఉందేమో చూడాలి. వాటిని చాలా ఎక్కువ వేడిలో శుద్ధి చేస్తారు, అందుకే తేదీ అంత దూరం ఉంటుంది. తోడుకుంటాయి గానీ పెరుగు కాస్త వదులుగా వస్తుంది. పనీర్‌కు మాత్రం బాగా లేవు, విరిచాక గడ్డకట్టకుండా పొడిపొడిగా రాలుతుంది. మామూలు పాశ్చరైజ్డ్ హోల్ మిల్క్ రెండింటికీ మంచిది.

గడ్డ పెరుగు కావాలంటే పాలను పొంగుదాకా కాచి, 43 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే వేలు పెడితే వెచ్చగా ఉండి చురుక్కుమనని వేడికి చల్లార్చి తోడు వేయాలి. లీటరుకు ఒక చెంచా చాలు. తోడెక్కువైతే తొందరగా పులిసి నీరు వదులుతుంది. చలి రాష్ట్రాల్లో ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె అందులో పెట్టండి. తోడు లేకపోతే అక్కడి గ్రీక్ యోగర్ట్‌లో రుచులేమీ కలపనిది, "లైవ్ కల్చర్స్" అని రాసినది పనికొస్తుంది.

#8 కొత్తకాపురం

చాలా ఉపయోగంగా ఉందండీ. బియ్యం సంగతి? అక్కడి 20 పౌండ్ల బాస్మతి తీసుకోవచ్చా? సోనా మసూరి కూడా మా దగ్గర స్టోర్‌లో కనిపించింది.

#9 వంటింటిలెక్కలు

20 పౌండ్లంటే 9 కేజీలు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, అందులో దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి. నలుగురికి రోజుకు ఐదు కప్పులైతే 750 గ్రాములు, సంచి పన్నెండు రోజులకు సరి. అదే బాస్మతి వారానికి ఒకసారి బిర్యానీకే వాడితే మూడు నెలలు. రెండూ ఫరవాలేదు, బాస్మతి పాతబడ్డకొద్దీ పొడిపొడిగా ఉడుకుతుంది కూడా.

సోనా మసూరి మాత్రం సంచి మీద ఏ ఏడాది పంటో చూడకుండా కొనకండి. కొత్త బియ్యమైతే అన్నం ముద్దవుతుంది, నీళ్ళు తగ్గించాలి. ఇండియన్ స్టోర్‌లో పాత బియ్యమా, కొత్త బియ్యమా అని అడిగితే చెబుతారు. కాస్ట్‌కోలో అడిగినా చెప్పగలిగేవాళ్ళు ఉండరు.

2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని భారత ప్రభుత్వం ఆపినప్పుడు మనవాళ్ళు ఇక్కడ బస్తాల మీద బస్తాలు ఎత్తుకెళ్ళారు, స్టోర్లు మనిషికి ఇన్నే అని పరిమితి పెట్టాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం ఎత్తేశారు. అలా ఎగబడి దాచిన బియ్యానికి ఏమవుతుందో బాబాయ్ చెబుతారు.

#10 ఫ్రీజర్‌బాబాయ్ (ప్లేనో, టెక్సాస్)

పురుగు పడుతుంది. ముక్కపురుగు బయటి నుంచి వచ్చేదే కాదమ్మా, చాలాసార్లు గింజలోనే గుడ్డుగా సంచితోపాటు ఇంటికొస్తుంది. మూత ఎంత బిగించినా లోపల పొదుగుతుంది. దానికి మందు చలి. 0 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్‌లో నాలుగు రోజులు పెడితే గుడ్లతో సహా చస్తాయి. 20 పౌండ్ల సంచి అలాగే పెడితే నడిమధ్యకు ఆ చలి చేరడానికే రెండు రోజులు పడుతుంది. ఐదేసి పౌండ్ల సంచులుగా విడగొట్టి పెట్టు, లేదా సంచి మొత్తం వారంపాటు ఉంచు. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజంతా గదిలో వదిలేయాలి. చల్లటి గింజలకు గాలి తగిలితే చెమ్మ పట్టి బూజొస్తుంది. ఆ తర్వాతే డబ్బాలో పోయాలి. ఎండుమిరపకాయలు, వేపాకు వేసే అలవాటుంటే వేసుకో, కానీ లోపలున్న గుడ్డును అవి చంపవు.

టెక్సాస్‌లో ఉన్నావు కాబట్టి ఒక మాట. బియ్యం, పప్పులు గరాజ్‌లో పెట్టొద్దు. ఎండాకాలం అక్కడ 40 సెల్సియస్ దాటుతుంది. ఆ వేడికి, చెమ్మకు కందిపప్పు, శనగలు గట్టిపడి, కుక్కర్‌లో ఆరు కూతలు వచ్చినా పలుకుగానే ఉంటాయి. అది పప్పు నాణ్యత తప్పు కాదు, దాచిన చోటు తప్పు. మినపగుళ్ళు కూడా అంతే, పాతబడితే పిండి పొంగదు, ఇడ్లీ రాయవుతుంది. పప్పుల్లో మూడు నెలలకు మించి ఏదీ కొనకు.

#11 మిరపతోట (శాన్ హోసే, కాలిఫోర్నియా)

ఇండియన్ స్టోర్‌లోనే కొనాల్సినవి చెబుతాను, ఎందుకో కూడా చెబుతాను.

కారం. అమెరికా షాపుల్లో "చిల్లీ పౌడర్" అని పెద్ద సీసాలో అమ్మేది మన కారం కాదు. అందులో జీలకర్ర, వెల్లుల్లి పొడి, ఒరెగానో అనే ఆకు కలిసి ఉంటాయి. వాళ్ళ బీన్స్ కూరకు చేసిన మసాలా అది. దాంతో ఆవకాయ కలిపితే మొత్తం జాడీ పాడు.

నువ్వుల నూనె. ఇలాంటి స్టోర్లలో దొరికేది ఎక్కువగా చైనా, జపాన్, కొరియా వంటలకు వాడే ముదురు రంగు నూనె, నువ్వులు బాగా వేయించి తీసింది. చెంచాతో వాడాల్సిన నూనె. పచ్చళ్ళకు మనకు కావలసింది పచ్చి నువ్వుల నుంచి ఆడించిన లేత రంగుది. రెండింటి మీదా "సెసమీ ఆయిల్" అనే ఉంటుంది. రంగు చూసి కొనండి.

గోధుమపిండి. కాస్ట్‌కోలో ఎక్కువగా మైదా, బ్రెడ్డు పిండి ఉంటాయి. హోల్ వీట్ పిండి దొరికినా మన చక్కీ పిండిలా మెత్తగా ఉండదు, చపాతీ అంచులు గట్టిపడతాయి. ఏ పిండైనా పొట్టుతో ఉంటే అందులో నూనె ఉంటుంది, అది గాలికి చేదెక్కుతుంది. 20 పౌండ్ల సంచి నెలన్నరలో అవకపోతే సగం ఫ్రీజర్‌లో పెట్టండి.

కందిపప్పు. నూనె రాసిన కందిపప్పు దొరికితే ఎక్కువ రోజులు దాచుకునేవాళ్ళకు అది మేలు, పురుగు త్వరగా పట్టదు. ఆముదం రాస్తారు, గోరువెచ్చని నీళ్ళతో రెండుసార్లు కడిగితే పోతుంది.

అక్కడ కళ్ళు మూసుకుని కొనగలిగేవి బాదం, పిస్తా, వాల్‌నట్, మిరియాలు. కిర్క్‌లాండ్ (కాస్ట్‌కో సొంత బ్రాండు) మిరియాల సీసా తలశ్శేరి రకం, 14.1 ఔన్సులు, అంటే 400 గ్రాములు. చారు పెట్టుకునే ఇంటికి ఏడాది మిరియాలు. జీడిపప్పు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి. పెద్ద డబ్బాల్లో ఎక్కువ భాగం వేయించి ఉప్పు వేసినవే. పాయసానికీ కుర్మాకూ "అన్‌సాల్టెడ్" అన్న మాట వెతకండి.

#12 నెయ్యిగిన్నె

గింజలన్నీ విప్పగానే మూడొంతులు ఫ్రీజర్‌లోకి. నెలకు సరిపడా మాత్రమే బయట సీసాలో. వాల్‌నట్ అన్నిటికంటే ముందు పాడవుతుంది, పాత నూనె వాసన వస్తే తినకండి. బాదం కొంచెం ఓర్చుకుంటుంది.

#13 ఉప్పాడరొయ్య (హ్యూస్టన్, టెక్సాస్)

రొయ్యల సంచి మీద 21-25, 16-20, 31-40 అని అంకెలుంటాయి. అది పౌండుకు ఎన్ని రొయ్యలు వస్తాయన్న లెక్క. 21-25 అంటే ఒక్కోటి దాదాపు 20 గ్రాములు. ఇగురుకూ వేపుడుకూ ఇదే సరైన పరిమాణం. బిర్యానీకి 16-20. గోంగూర రొయ్యలకు, వంకాయ రొయ్యలకు 31-40 చాలు, పెద్దవాటికి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

గడ్డకట్టిన రెండు పౌండ్ల సంచే కొనండి. ఐసు మీద పరిచి అమ్మే "తాజా" రొయ్యల దగ్గర చీటీ చదివితే చాలాసార్లు "ముందు ఫ్రీజ్ చేసినవి" అని ఉంటుంది. కరిగినదాన్ని తెచ్చి ఇంట్లో మళ్ళీ గడ్డకట్టిస్తే నీరంతా పోయి పీచులా తయారవుతుంది.

సంచి వెనక పదార్థాల పట్టిక చూడండి. "రొయ్యలు, ఉప్పు" అని మాత్రమే ఉంటే మంచిది. "సోడియం ట్రైపాలీఫాస్ఫేట్" అని ఉంటే ఆ రొయ్య నీరు పట్టి బరువెక్కి ఉంటుంది. మనవాళ్ళు ఉప్పు, పసుపు వేసి నీరు ఊరి ఇగిరేదాకా వేయిస్తారు కదా, ఈ రకంతో అలా చేస్తే నీరు ఊరుతూనే ఉంటుంది, అది ఇగిరేసరికి రొయ్య రబ్బరవుతుంది. నీరు ఊరగానే రొయ్యలు పక్కకు తీసేసి, ఆ నీటినే మసాలాలో పోసి చిక్కబరిచి, చివరి రెండు మూడు నిమిషాలు రొయ్యలు కలపండి.

కరిగించడానికి సంచి నుంచి కావలసినన్ని తీసి చన్నీళ్ళలో ఇరవై నిమిషాలు. వేడి నీళ్ళు వద్దు, పైన ఉడికి లోపల గడ్డగా ఉంటుంది.

#14 ఫ్రీజర్‌బాబాయ్

కోడి గురించి. ఎముకలేని తొడ మాంసం ఆరు అరల సంచిగా వస్తుంది, అరలు కత్తిరించి విడివిడిగా ఫ్రీజర్‌లో వేసుకోవచ్చు. అది బిర్యానీకి, వేపుడుకు. పులుసుకూ ఇగురుకూ ఎముక లేకపోతే సారం రాదు. వాటికి డ్రమ్‌స్టిక్స్ గానీ, రెండేసి కలిపి అమ్మే మొత్తం కోళ్ళు గానీ కొను. ముక్కలు కొట్టి ఇవ్వరు, మనమే కోసుకోవాలి. తోలు జారిపోతుంటే పేపర్ టవల్‌తో పట్టుకుని లాగు, ఒక్క ఊపులో వస్తుంది.

చిన్న ఫ్రీజర్‌కు కిటుకు ఒక్కటే, అన్నీ పలకలుగా పెట్టడం. పౌండు ముక్కలు జిప్ సంచిలో వేసి, గాలి తీసి, అంగుళం మందాన చదును చేసి, ట్రేలో పడుకోబెట్టి గడ్డకట్టించు. తర్వాత పుస్తకాల్లా నిలబెట్టు. ముద్దగా పెడితే చోటు రెండింతలు, కరగడానికి ఒక రోజు. పలకైతే రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెడితే పొద్దునకు సిద్ధం.

అల్లం వెల్లుల్లి, పెరుగు, కారం పట్టించి గడ్డకట్టించొచ్చు. ఉప్పు మాత్రం కరిగాకే వెయ్యి. వారాల తరబడి ఉప్పులో ఉంటే మాంసం బిగుసుకుపోతుంది.

#15 మిరపతోట

ఒలిచిన వెల్లుల్లి మూడు పౌండ్ల సంచి గురించి ఎవరూ చెప్పలేదు. ఒలిచే పని తప్పుతుంది కాబట్టి అందరూ కొంటారు, రెండో వారానికి జిగురొస్తుంది. తెచ్చిన రోజే పని ముగించండి: వెల్లుల్లి, అల్లం సమానం బరువు, నీళ్ళు లేకుండా రుబ్బి, ఐసు ట్రేల్లో పోసి, గట్టిపడ్డాక సంచిలో వేయండి. ఒక ముక్క ఒక పెద్ద చెంచా. ముద్ద ఆకుపచ్చగానో నీలంగానో మారితే కంగారుపడొద్దు, వెల్లుల్లిలోని గంధక పదార్థాల వల్ల వచ్చే రంగు అది, హాని లేదు.

ఇది మాత్రం దయచేసి శ్రద్ధగా చదవండి. పైన నూనె పోస్తే ముద్ద నిలవుంటుందని బయట గట్టు మీద పెట్టేవాళ్ళున్నారు. వెల్లుల్లిలో పులుపు లేదు, నూనె కింద గాలి లేదు. బాట్యులిజం అనే, ప్రాణం మీదకు తెచ్చే ఆహార విషజబ్బు కలిగించే సూక్ష్మజీవికి కావలసింది సరిగ్గా అదే. ఆ విషానికి వాసన ఉండదు, రంగు ఉండదు. నూనె కలిపిన ముద్దను ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి, లేదా ఫ్రీజర్‌లో పెట్టండి. మూడో దారి లేదు.

#16 కొత్తకాపురం

అక్కా, మరి ఆవకాయలో వెల్లుల్లి రెబ్బలు వేసి నూనె పోసి ఏడాదంతా బయటే ఉంచుతాం కదా?

#17 మిరపతోట

మంచి ప్రశ్న. అక్కడ మామిడికాయ పులుపు, ఉప్పు పాళ్ళు రెండూ కలిసి ఆ సూక్ష్మజీవిని పెరగనివ్వవు. అందుకే ఉప్పు తగ్గించిన "ఆరోగ్యకరమైన" ఆవకాయ, పులుపు చచ్చిన కాయతో పెట్టిన ఆవకాయ బయట ఉంచకూడదు, ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఇక్కడ సూపర్‌మార్కెట్లలో దొరికే మామిడి పండబారుతూ వస్తుంది, ఆవకాయకు పనికిరాదు. ఇండియన్ స్టోర్‌లో పచ్చి పుల్ల కాయలు వచ్చే రోజుల్లో కొనండి.

#18 వరంగల్‌చపాట

ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు. పది పౌండ్ల సంచులు రెండూ ఒక్కతాన పెట్టకుండ్రి. ఆలుగడ్డల తడికి ఉల్లిగడ్డ మెత్తబడి మొలకొస్తది. ఉల్లిగడ్డలు గాలి ఆడే జాలీ బుట్టల ఉండాలె, ప్లాస్టిక్ సంచి వద్దు. ఆలుగడ్డలు చీకట్ల ఉండాలె. వెలుగు తగిలి పచ్చబడ్డది చేదొస్తది, ఆ పచ్చటి భాగం లోతుగ కోసి పారేయాలె, మొత్తం పచ్చబడితే గడ్డే పారేయాలె. ఫ్రిజ్‌ల పెడితే అందులోని పిండి చక్కెర అయితది, వేపుడు చేస్తే తొందరగ నల్లబడి మాడుతది.

మా మాట: ఆలుగడ్డలు అక్కడ కొనుడు గిట్టుబాటే. కొత్తిమీర, కరివేపాకు, పచ్చిమిరపకాయలు ఇండియన్ దుకాణంలనే.

#19 పెరుగన్నం

పాలకూర డబ్బా పౌండుది. తెచ్చిన రోజే ఒక పేపర్ టవల్ పైన, ఒకటి అడుగున పెట్టండి, చెమ్మ పీలుస్తాయి. నాలుగో రోజుకు మిగిలినదాన్ని పప్పులో వేసేయండి లేదా వాడ్చి, పిండి, ముద్దలుగా ఫ్రీజర్‌లో పెట్టండి.

బీన్స్ రెండు పౌండ్ల సంచి కొంటే సగం దాచుకునే పద్ధతి: తుంచి, మరిగే నీళ్ళలో మూడు నిమిషాలు, వెంటనే ఐసు నీళ్ళలో మూడు నిమిషాలు, గుడ్డ మీద బాగా ఆరబెట్టి, ట్రేలో పరిచి గడ్డకట్టించి, సంచిలోకి. మరిగించకుండా పచ్చివే పెడితే కాయలోని ఎంజైములు చలిలోనూ పనిచేస్తూ రంగు, రుచి చెడగొడతాయి. ఆరబెట్టకపోతే ఐసు గడ్డగా అతుక్కుపోతాయి.

#20 దోసెపెనం (సియాటిల్, వాషింగ్టన్)

ఇద్దరే ఉన్న ఇంటికి ఇవన్నీ ఎక్కువ కదా? పక్కింటివాళ్ళతో కలిసి ఒకే కార్డు వాడుకోవచ్చా?

#21 వంటింటిలెక్కలు

కార్డు ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. 2024 నుంచి చాలాచోట్ల గుమ్మం దగ్గరే కార్డు స్కాన్ చేసి ఫొటో చూస్తున్నారు. కానీ కార్డున్నవారితోపాటు ఇద్దరు అతిథులు వెళ్ళొచ్చు, బిల్లు మాత్రం కార్డున్నవారే కట్టాలి. కాబట్టి కలిసి వెళ్ళి, ఒకరు కట్టి, ఇంటికొచ్చి పంచుకోండి. పంచుకోవడానికి అనువైనవి: వెన్న (నాలుగు విడి పౌండ్లు), గుడ్లు (రెండు డజన్ల అట్ట), కోడి (ఆరు అరలు), బ్రెడ్డు (జంట ప్యాకెట్లు), పాలు (విడి గ్యాలన్లు). తూకం వేసి విడగొట్టాల్సినవి, అంటే గింజలు, పిండి, బియ్యం పంచుకోవాలంటే ఇంట్లో తక్కెడ ఉండాలి, లేకపోతే మాట వస్తుంది.

#22 ఫ్రీజర్‌బాబాయ్

తిరిగి ఇచ్చే సదుపాయం గురించి కూడా చెప్పాలి. పాడైన సరుకు, బాగులేని సరుకు వెనక్కి తీసుకుంటారు, ఎలక్ట్రానిక్స్‌కు మాత్రం 90 రోజుల గడువు. పండు లోపల కుళ్ళి ఉంటే, గింజలు చేదుగా ఉంటే తప్పకుండా తీసుకెళ్ళండి, అది మీ హక్కు. మనం ఎక్కువ కొని, ఇంట్లో పాడుచేసి, తీసుకెళ్ళి ఇవ్వడం మాత్రం తప్పు. ఆ ఖర్చు తిరిగి అందరి ధరల్లోకే వస్తుంది.

#23 కొత్తకాపురం

అందరికీ ధన్యవాదాలు. 65 కార్డు తీసుకుంటున్నాం. మొదటిసారికి చీటీ ఇలా రాశాను: ఉప్పులేని వెన్న ఒక కట్ట, పాలు రెండు గ్యాలన్లు, గుడ్లు రెండు డజన్లు, రొయ్యలు 21-25 ఒక సంచి, ఎముకలేని తొడ మాంసం ఆరు అరలది, ఒలిచిన వెల్లుల్లి, బాదం, మిరియాలు, ఆలుగడ్డలు పది పౌండ్లు. ఫ్రీజర్‌లో ఇవన్నీ పడతాయా?

#24 ఫ్రీజర్‌బాబాయ్

పై అర ఫ్రీజర్ మామూలుగా నాలుగు ఘనపుటడుగులు ఉంటుంది. కోడి ఆరు పలకలు ఒక వరస, రొయ్యల సంచి చదునుగా ఒకటి, వెల్లుల్లి ముక్కల సంచి ఒకటి, బాదం సంచి ఒకటి. వెన్న ఆ వారమే కాచేస్తావు కాబట్టి కింద ఫ్రిజ్‌లో ఉంటుంది. సరిగ్గా పడతాయి, తలుపు అర కూడా మిగులుతుంది. ఐసుక్రీము డబ్బా మాత్రం ఈసారికి వద్దు. వెల్లుల్లికి సరిపడా మూడు పౌండ్ల అల్లం దారిలో ఇండియన్ స్టోర్‌లో తీసుకో, ఐసు ట్రేలు ముందే ఖాళీ చేసి పెట్టుకో.

ఒక మార్పు. ఆ చీటీలో పులుసుకు పనికొచ్చే ఎముక ముక్కలు లేవు. ఆరు అరల సంచి బదులు రెండు కోళ్ళ ప్యాకెట్ తీసుకుని, ఒకదాన్ని పులుసు ముక్కలుగా, ఇంకోదాన్ని తొడలు, రొమ్ము విడిగా కోసి పెట్టుకుంటే రెండు రకాల వంటకూ సరిపోతుంది. మెడ, వీపు ఎముకలు పారేయకు, మిరియాల చారుకు వాటిని మించినవి లేవు.